పదో అడుగు

నాలుగో మెట్టు మీద నసీరుద్దీన్‌ను ఊపిరి ఆపేసింది. కింద ఇంక పదమూడు మెట్లున్నయి. కుడిచెయ్యి గోడకు ఆనిచ్చి, ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టి, మూతి సున్న చుట్టి, దవాఖానల సిస్టరమ్మ నేర్పినట్టు, దీపం వంగాలె గని ఆరొద్దన్నంత మెల్లగ ఊదిండు. ముక్కుతోటి రెండు, మూతితోటి నాలుగు. ఈ రోగమోనికి గాలి లోపలికి పోదని అందరు అనుకుంటరు. పోతది. పోయింది బయటికి రాదు, అదీ బాధ. ఇల్లు ఖాళీ చెయ్యని కిరాయిదారు లెక్క పాత గాలి లోపల్నే కూసుంటది, కొత్త గాలి గడప కాడ నిలవడి పిలుస్తుంటది. పైన తలుపు బార్లా తెరిచే ఉన్నది. ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటనే ఉన్నది, ముక్కులకెల్లి పీకి మంచం మీద పారేసిన పైపు ఉస్సుమంట పరుపుకు గాలి ఊదుతనే ఉన్నది. బంద్ చేసి రావాల్సింది. చెయ్యాలంటే మళ్ల నాలుగు మెట్లెక్కాలె. ఊదనీ. ఇరవై అడుగుల పైపు, ఇరవై అడుగుల లోకం, మేకను గుంజకు కట్టినట్టు ఎనిమిది నెలలు. పరుపుకే ఊదనీ.

పగటి నమాజుకు జుహర్ అజాన్ అయ్యి ఎంత సేపాయె? నమాజు మొదలు కాలేదింక. నమాజు కావాలె, తర్వాత జనాజా నమాజు కావాలె, తర్వాత లేపాలె. మసీదు నుంచి ఈ గల్లీలకు రానీకె పది నిమిషాలు. ఉన్నది టైం, జర ఉన్నది. పొద్దుగాల అదే మసీదు మైకుల చెప్పిండ్రు, పరుపుల దుకాణం మొయినుద్దీన్ గుజర్ గయే అని. మొయినుద్దీన్ అంటే ఈయన సొంత అన్న. తోడబుట్టినోడు పోయిండని మైకు చెప్తే తెల్సింది. నాలుగేండ్ల సంది మాటల్లేనప్పుడు మైకే చెప్పాలె మరి. తర్వాత అన్న కొడుకు ఫైజాన్ ఫోన్ చేసిండు. "చిచ్చా, అబ్బా నిద్రల్నే పోయిండు. నువ్వు రాకు, నీతోటి కాదు. మీ గల్లీలకెల్లే తీస్కపోతం, కిటికీలకెల్లి చూడు." పెండ్లాం సాబెరా బుర్ఖా ఏస్కుంట అదే మాట అన్నది. "కిటికీ కాడ కుర్చి ఏసిన, కూసోని చూడు. మెట్ల దిక్కు పోయినవా, నేనొచ్చి రెండో జనాజా లేపాల్సొస్తది." నవ్వుకుంట అన్నది గని కండ్లు నవ్వలే. కిటికీ. అందరికి ఒక్కటే మాట దొరికింది. కిటికీ సంగతి తనకు చెప్తరు, తనకు.

ఇంకో మెట్టు. ఐదు. ఆరు. రొమ్ము పక్కటెముకలు కొలిమి తిత్తి లెక్క ఎగిరెగిరి పడుతున్నయి. ఏడు. ఆగు. ప్రేమ పొంగి పోతలేడు, ఆ సంగతి సాఫ్‌గ ఉండాలె. శవాన్ని మోసే డోలాకు భుజం ఇయ్యాలె, అంతే. మంచానికి నాలుగు కొమ్మలు, ఒక్కో కొమ్మ కాడ పది అడుగులు, మొత్తం నలభై. ముక్కూ మొకం తెల్వని మయ్యత్‌కే దారిన పొయ్యేటోడు భుజమిచ్చి నలభై అడుగులు నడుస్తడు, పుణ్యమని. సొంత అన్న కింది నుంచి పోతుంటే తమ్ముడు పైన కుర్చిల కూసోని, పీర్ల ఊరేగింపు చూసినట్టు చూస్తడా? గల్లీల ఎవడన్న ఒక్కడు తల పైకెత్తి చూసిండంటే ఏమంటడు? సచ్చినోని మీద గూడ పగ పట్టిండు నసీరు, అంటడు. అనొద్దు. నలభై కాకపోతే పది. ఒక్క కొమ్మ, పదంటే పదే అడుగులు. మనిషన్నోడు పది అడుగులు నడవలేడా?

నలభై అడుగులు మొదటిసారి చెప్పింది గూడ మొయినుద్దీనే. అబ్బా పోయినప్పుడు తనకు పదకొండేండ్లు, ఐదో తరగతి. అన్నకు ఇరవై రెండు. డోలా అంత ఎత్తున పోతుంటే తన తల మోసెటోళ్ల నడుముల కాడ. ఏడుస్తుంటే అన్న వంగి చెవుల చెప్పిండు: "నీకు అందదు గని, చెయ్యి పైకి పెట్టు. కట్టెకు చెయ్యి తగిలితే చాలు. నా అడుగులు లెక్కవెట్టు." పెట్టిండు. ఏక్, దో, తీన్. సర్కారు బడిల నేర్చిన లెక్కలన్నిట్ల గట్టిగ పనికొచ్చింది ఆ ఒక్కటే. నలభై దాటినంక గూడ ఆపకుండ ఖబ్రస్తాన్ దాక లెక్కవెట్టుకుంటనే పోయిండు, ఎవరు ఆపమనలేదు. మూడో నాడు బడి సంచి గోడ మొలకు తగిలిచ్చి అన్న చెయ్యి పట్టుకోని దుకాణానికి తీస్కపోయిండు. ఆ సంచి మొల మీదనే ఉండి ఉండి ఎలుకలు కొట్టినయి.

దుకాణం ముందల అరుగు. అరుగు మీద అన్న. కౌడిపల్లి నుంచి, టేక్మాల్ నుంచి పెండ్లిండ్లకు పరుపులు కావాలని వచ్చెటోళ్లతోటి మాట్లాడుడు, కొలతలు తీసుడు, చాయ్ తాపిచ్చుడు, ఎండల కూసోని దబ్బనంతోటి కుట్టుడు. అంత అన్నది. ఎనుక చీకటి అర్ర తమ్మునిది. మొదట్ల దూది ఏకే విల్లు, టుంగ్ టుంగ్ మని పొద్దంత. తర్వాత మిషన్ కొన్నరు, విల్లుకు మించి లేపుతది దుమ్ము. పాత పరుపులు విప్పితే అండ్ల మనుషుల ఇరవై ఏండ్ల చెమట, పిల్లల ఉచ్చ, నల్లుల పొట్టు. అదంత ఒక్కసారి గాలిల లేస్తది. సాయంత్రం బయటికొస్తే కనుబొమ్మలు తెల్లగ, మీసం తెల్లగ. తాత వచ్చిండు తాత వచ్చిండని ఆడిపిల్లలు నవ్వేది. ఇరవై ఏండ్లకు తాత. ఉమ్మితే ఉమ్ముల గూడ పోగులు. దవాఖానల డాక్టర్ సాబు రొమ్ము ఎక్స్-రే ఫోటో ఎలుగుకు పెట్టి చూసుకుంట, బీడీలు ఎన్ని తాగుతవ్ అని అడిగిండు. ఒక్కటి తాగలే సారూ. అబద్ధం చెప్తున్నవన్నట్టు చూసిండు. బీడీ తాగెటోడన్న ఒక్క దమ్ము సుఖపడ్తడు గద సారూ, నాకు అదీ లేదు, అనాలనుకున్నడు. అంత మాటకు ఊపిరి చాలలే. మాటలు గూడ బరువే ఇప్పుడు, మూడు మాటలకు ఒక గుక్క. తిట్టుడు తగ్గింది, సాబెరాకు అదొక్కటి లాభం.

ఎనిమిది. తొమ్మిది. తొమ్మిదో మెట్టు కాడ గోడకు సిమెంటు జాలీ ఉన్నది, చెయ్యంత. అండ్లకెల్లి ఖిల్లా గుట్ట ఒక ముక్క కనవడ్తది. బక్రీదు నాడు ఆ గుట్ట మీదికి ఉరికెటోళ్లు ఇద్దరు. అన్న సగం దూరం పొయ్యి రాయి మీద కూలవడేది, తను పై దాక పొయ్యి ఫిరంగి కాడ నిలవడి ఒర్లేది, భాయ్, రా, ముసలోడివైనవా? ఊపిరి ఉండె. ఎంత ఊపిరి ఉండె. అది ఉన్నదని గూడ తెల్వకుండ ఉండె. తర్వాత్తర్వాత ఒక్కొక్కటే ఇడిసిపెట్టుకుంట వచ్చిండు. ముందు గుట్ట పోయింది. తర్వాత సైకిలు. తర్వాత రాందాస్ చౌరస్తా దాక నడుసుడు. తర్వాత మసీదు. మసీదు పోయినంక ఇంట్లనే నమాజు, సజ్దాకు నేల దాక వంగితే లేవనీకె రాకపాయె. కుర్చి మీద చదివిండు, తర్వాత మంచం మీద, కండ్లతోటి. చెప్పుల కోసం వంగుడు బంద్, లుంగి కట్టుకునుడు సాబెరా వంతు, స్నానానికి ప్లాస్టిక్ స్టూలు. పోయిందేదీ ఎనుకకు రాలే.

అయితే ఎనిమిది నెలల కింద ఆయనకు ఒక తెలివి పుట్టింది. ఊపిరి కుండల నీళ్ల లెక్క, ముంచకుంటే మిగుల్తది. కదలకుంటే ఖర్చు కాదు. అవసరానికి పనికొస్తది. ఏ అవసరానికంటే చెప్పలేడు. మంచం ఎక్కిండు, అక్కరకు తప్ప దిగలే. దవాఖాన సిస్టర్ ఎలిశిబా ఇంటికొచ్చి చేతికి గడియారం అసుంటి పట్టీ కట్టింది, అడుగులు లెక్కవెడ్తదట. వారం తర్వాత వచ్చి చూసి నెత్తి పట్టుకున్నది. "రోజుకు రెండొందల పన్నెండా? నసీర్ భాయ్, తొట్టెలల పిల్లలు నయం." "దాసుకుంటున్న సిస్టరమ్మా." "ఏం దాసుకుంటున్నరు?" "ఊపిరి." ఆమె నవ్వలే. మంచం పట్టె మీద కూసోని పరుపు మీద చెయ్యి ఏసింది. "పరుపులు కుట్టినోళ్లు, మీకు నేను చెప్పాల్నా? దులపక, ఎండకెయ్యక, ఒక్క దిక్కే పడేసి ఉంచితే దూది ఏమైతది?" గడ్డలు గడ్తది. తెల్వక కాదు. గడ్డ గట్టిన దూదిని మళ్ల ఏకుతే గని పరుపు కాదు. "కాళ్లు గడ్డ గట్టినయి మీకు. ఆయాసమొచ్చినా సరే నడవుండ్రి, ఆగుండ్రి, మళ్ల నడవుండ్రి. రోజుకు పది అడుగులు పెంచుండ్రి, చాలు." తలకాయ ఊపిండు. ఆమె మెట్లు దిగినంక పట్టీ ఇప్పి మెత్త కింద పెట్టిండు. ఆమెకేం తెల్సు, ఆమె మెట్లు పాట పాడుకుంట దిగుతది. ఇయ్యాల అవసరం వచ్చింది. కుండ మూత తీస్తే ఏమున్నది? ఎనిమిది నెలలు దాసిందంతా యాడ పోయింది?

పదో మెట్టు. కాలు పెట్టేది చూసి పెట్టాలె, ఈడ అంచు పలిగి ఉన్నది. మైకుల నమాజు మొదలైంది. ఇగ ఎంతో లేదు టైం. పక్కటెముకలు కోస్తున్నయి. ఆ పరుపు. ఆ పరుపు సంగతి తనకు తెల్వదనుకుంటది సాబెరా. సపాటుగ పండుకుంటే నీళ్లల ముంచినట్టైతున్నదని పోయిన యేడు అన్నడు. వారం తిరగకముందే ఇంట్లకు ఒక పరుపు వచ్చింది, తల దిక్కు ఎత్తుగ, కాళ్ల దిక్కు పల్సగ, ఏటవాలు. బజార్ల అసుంటియి దొరుకుతయా? "చేగుంటల దొరికింది," అన్నది సాబెరా, మొకం అటు తిప్పి. దొరికిందట. కుట్టు మీద ఏలు పెట్టిండు, అంతే. జానకో ముడి, ముడి మీద ముడి, చివర దారం లోపలికి మడిచి దాసుడు. మెదక్ జిల్లా మొత్తంల అట్ల దారం దాసేది ఒక్కడే. గుర్తు పట్టిండు. తన్ని బయటికి దొబ్బాలనుకున్నడు. ఆ రాత్రి నెలల తర్వాత మొదటిసారి కన్నంటింది. పగోని చేతి కుట్టు మీద పండుకోనే ఎనిమిది నెలలు పగ పట్టిండు.

పగ ఎందుకంటే కిటికీకి. చీకటి అర్రకు ఒక్క కిటికీ ఉండె, మిఠాయి దుకాణం దిక్కు. దూది పోగులు ఎగిరి జిలేబీల మీద పడుతున్నయని ఆ సేటు లొల్లి పెట్టిండు. నూనె డబ్బా కోసి సదును చేసి ఆ రేకు కిటికీకి కొట్టిండు అన్న. మొలలు దిగ్గొట్టిండు. ఇగ ఇరవై ఏడేండ్లు గాలి లేదు, ఎలుగు లేదు. ఇదీ కథ. డాక్టరుకు ఇదే చెప్పిండు, సిస్టరమ్మకు ఇదే చెప్పిండు, నాలుగేండ్ల కింద రంజాన్ నాడు అన్న ఇంట్ల, సేమ్యా తాగుతున్న ఇరవై మంది ముందట ఇదే చెప్పిండు. "కిటికీ మూసి నా ఊపిరి తీసినోడు ఈడ కూసున్నడు సూడుండ్రి. అరుగు మీది గాలంతా ఈయన తిన్నడు." ఫైజాన్ గిన్నెలు పట్టుకోని నిలవడ్డడు, అన్న బిడ్డ అంబ్రీన్ ఏడ్సింది. అన్న ఒక్క మాట అనలే. తల వంచి తన చేతుల దిక్కు చూసిండు. సిగ్గుతోటి తల వంచిండు అనుకున్నడు. సంబురపడ్డడు.

పదకొండు. కాలు జారింది. ఎడమచెయ్యి టక్కున గోడను పట్టింది, ఏండ్ల నాటి సున్నం గోళ్లల్లకు పోయింది. పట్టుకోని నిలవడ్డడు, గుండె చెవులల్ల కొట్టుకుంటుంటే, మొకం ముందట తన బొటనేలు. నడిమికి పలిగి, మీదికి లేసిన గోరు. మిషన్ల పడి పలిగిందని చెప్తడు ఎవరన్న అడిగితే. ఎన్నేండ్లాయె చెప్పవట్టి? మిషన్ల పడితే ఏలుంటదా? మిషన్ల పడలే. సుత్తి పడ్డది. ఏ సుత్తి? రేకు అన్న పట్టుకున్నడు, రెండు చేతుల తోటి, మొకం అవతలికి తిప్పి, దుమ్ము కండ్లల పడకుండ. మొల తను పట్టుకున్నడు, ఎడమచేతి బొటనేలు తోటి. సుత్తి కుడిచేతుల ఉండె. ఎవరి కుడిచేతుల? తనదే. నాలుగు మొలలు, మూడోదానికి ఏలు పలిగింది, అన్న రేకు ఇడిసిపెట్టి తమ్ముని ఏలు నోట్లె పెట్టుకున్నడు, రక్తం కారుతున్నదని. నాలుగోది తర్వాత తనే కొట్టిండు, కోపం తోటి, మూడు దెబ్బలకు దిగ్గొట్టిండు.

లేదు. అట్ల కాదు. మళ్ల చూడు. ఊదు, దీపం ఆరకుండ ఊదు. చలికాలం పోయినంక అన్న పట్కారు తీస్కోని వచ్చిండు. ఆ మాట గూడ ఈ గోడల్నే ఉన్నట్టున్నది, ఇనవడ్తున్నది. "ఇగ తీసేద్దమా తమ్మీ, ఉడక పోస్తున్నది నీకు." తను ఏమన్నడు? మిషన్ ఆపకుండనే, తల ఎత్తకుండనే అన్నడు: "వద్దు భాయ్, గాలికి దూది లేస్తున్నది. ఏకిందే మళ్ల ఏకాలె." గాలి వద్దన్నది తనే. పని తొందరగ కావాలని, తొందరగ అయితే సినిమాకు పోవచ్చని. పద్దెనిమిదేండ్లు. అన్న పట్కారు జేబుల పెట్టుకోని పోయిండు. రంజాన్ నాడు అన్న తన సొంత చేతుల దిక్కు చూడలే. ఈ గోరు దిక్కు చూసిండు. ఇరవై మంది ముందట ఒక్క మాట అంటే అయిపోవు గద, ఏలు చూపియ్యి అంటే అయిపోవు. అనలే. ఎందుకనలే భాయ్?

పన్నెండు, పదమూడు, పద్నాలుగు, ఎట్ల దిగిండో తెల్వదు. పదిహేను కాడ కండ్లు చీకట్లు కమ్మినయి. పదహారు. పదిహేడు. ఎలుగు. మెట్ల కింద పంచర్ దుకాణం భూమయ్యది. ట్యూబు నీళ్లల ముంచి బుడగలు చూస్తున్నోడు తలెత్తి బిత్తరపోయిండు.

"ఓరి నీ... నసీరూ! ఎట్ల దిగినవ్? ఎవరు దించిండ్రు?"

ఏలుతోటి తన రొమ్మునే చూపిచ్చిండు.

"కూసో, కూసో ముందు. పెదాలు నేరేడు పండ్ల లెక్క అయినయి. ఈ పైపు పెట్టి ఇంత గాలి కొట్టాల్నా, ఆ?" నవ్వబోయి, మొకం చూసి ఊకున్నడు. స్టూలు జరిపి, "భుజమియ్యనీకె దిగినవా? నీకు ఎవ్వలియ్యాలె భుజం? కూసోనే దండం పెట్టు, పైనోడు చూస్తడు తియ్యి," అన్నడు.

కూసోలే. కూసుంటే లేవడు, అది తెల్సు. కంప్రెసర్‌ను పట్టుకోని నిలవడ్డడు. అది గూడ ఇనుప రొమ్ము లెక్క దడదడ కొట్టుకుంటున్నది, దానికి మాత్రం నిండుతున్నది. గల్లీ మలుపు కాడ కల్మా ఇనవడ్డది. ముందు టోపీలు, తర్వాత పచ్చ చాదర్, గాలిల తేలినట్టు. ఎంత జోరుగ నడుస్తరు వీళ్లు. జనాజా జోరుగనే నడవాలె, ఆగొద్దు. ముందటి కొమ్మ ఫైజాన్ భుజం మీద ఉన్నది. పక్కన అందరు ఆరడుగుల మనుషులే. చిచ్చాను చూసిండు ఫైజాన్, కండ్లతోటే వద్దన్నడు. ఈయన కంప్రెసర్ ఇడిసిపెట్టి గుంపులకు జొచ్చిండు. ఎవరో జరిగిండ్రు. భుజం పెట్టిండు. అందలే. రోగం గుంజి గుంజి వంచిన మనిషి, కట్టె తలకు పైన పోతున్నది. పదకొండేండ్ల పోరనికి ఎంత ఎత్తున పోయిందో అంతే ఎత్తున. చెయ్యి ఎత్తిండు. కట్టెకు తగిలింది. తగిలితే చాలు.

ఏక్. దో. కాళ్లు నడుస్తున్నయో కట్టె గుంజుకపోతున్నదో తెలుస్తలేదు. తీన్. చార్. కర్పూరం, అత్తరు వాసన, దాని కింద దుకాణం వాసన, ఎంత కడిగినా పోని పాత దూది వాసన. పాంచ్. ఛే. రొమ్ముల గాలి గట్టిగ బిగుసుకున్నది, పోదు, రాదు. సాత్. మూడు అడుగులకు సరిపోను ఉన్నదేమో, ఆ తర్వాత లేదు. మూడు అడుగులా, మూడు మాటలా? రెండిట్ల ఒక్కటే. ఆఠ్. పది అడుగులైతే ఒక్క కొమ్మ పూర్తయితది, గల్లీ అంతా చూస్తది, నసీరు భుజమిచ్చిండంటది. మాట అయితే ఫైజాన్ ఒక్కడే ఇంటడు. నౌ. ఫైజాన్ చెవి దగ్గరనే ఉన్నది, చెమట కారుతున్నది.

"రేకు... నేనే... కొట్టిన."

ఫైజాన్ నోట్ల కల్మా ఒక్క గడియ తెగింది. తల తిప్పలే. భుజం మీద అబ్బా ఉన్నడు, తిప్పరాదు. మళ్ల అందుకున్నడు కల్మా, గొంతు వేరే తీరుగ. కట్టె చేతికెల్లి జారింది. డోలా ఎంట్రుక వాసి గూడ వంగలే, లేవలే. ఒక్క చెయ్యి పోయిందని దానికి తెల్వలే. మనుషులు ఇటు అటు నీళ్ల లెక్క దాటిపోయిండ్రు, చెప్పుల సప్పుడు దాటిపోయింది, మలుపు కాడ చాదర్ పచ్చగ ఒక్కసారి కనవడి పోయింది.

గల్లీ నడిమిట్ల ఒక్కడే నిలవడ్డడు. ఎనుక తొమ్మిది అడుగుల దూరంల భూమయ్య, స్టూలు పట్టుకోని ఉరికొస్తున్నడు. ఆ ఎనుక పదిహేడు మెట్లు. పైన తెరిచిన తలుపుల నుంచి మిషన్ సప్పుడు, వస్తవులే యాడికి పోతవ్ అన్నట్టు. ముక్కుతోటి రెండు. మూతితోటి నాలుగు. ఇంకోసారి. ఇంకోసారి.

"ఇల్లు ఇటు, నసీరూ! అటు యాడికి?"

పలిగిన గోరు చెయ్యి పైకెత్తిండు, కట్టె ఉన్నంత ఎత్తుకు. ఏమి లేని గాలిల పెట్టిండు. కాలు లేపిండు. దస్.

భూమయ్య స్టూలు ఎనుక నుంచి మోకాళ్లకు ఆనిచ్చిండు. కూలవడ్డడు దాని మీద, మొకం మాత్రం ఖబ్రస్తాన్ దిక్కే.

"సాబెరాకు ఫోన్ చెయ్యాల్నా? పైకి మోసుకపోవాల్నా? చెప్పు, ఏమన్న చెప్పు."

చానసేపు ఊదిండు. తర్వాత మూడేళ్లు చూపిచ్చిండు, వాటి పక్కన సున్న చుట్టి చూపిచ్చిండు.

"ముప్పై ఏంది?" అన్నడు భూమయ్య.

నలభైల పది అయినయి. దాసుకుంటలేడు ఈసారి. లేవనీకె ఊపిరి కూడగట్టుకుంటున్నడు.